ప్యాసింజర్లో పళ్ళపొడాయన

పెనుకొండ స్టేషన్లో టీ అమ్మే మనిషి గ్లాసు నా చేతికిస్తూ, "మీ పళ్ళపొడాయన పోయినాడు గదా సారూ, తెల్సునా?" అన్నాడు. నేను రిటైరై ఆ రైలు మానేసి ఏడాది దాటింది; ఆయన పోయి అప్పటికే ఆరు నెలలయిందట. ఎట్లా పోయాడని అడిగాను.

"యాడ తెలుస్తాది సారూ, ఒంటి మనిషి. రెండు దినాలు తలుపు తీయకపోతే పక్కింటోళ్ళు పోయి చూసినారంట" అన్నాడు. అంతలో ఎవరో టీ అడిగితే అటు తిరిగాడు.

ఆ "మీ" అన్న మాట నాకు గుచ్చుకుంది. ఏళ్ళ తరబడి ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నందుకు ఆ రైలు జనం మా ఇద్దర్నీ జత కట్టేశారు. నిజం చెప్పాలంటే నాకు ఆయన పేరు కూడా తెలియదు. ఆయనకు నా పేరు తెలియదు. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన "సారూ" అనేవాడు. దాంతో సరిపోయింది. ఇప్పుడు ఆయన కోసం ఏడుద్దామన్నా ఏ పేరు పెట్టి ఏడవాలో తెలియక, టీ తాగేసి రైలెక్కాను.

తొంభైల మొదట్లో మాట. నేను ధర్మవరంలో నీళ్ళు పరీక్షించే ఒక చిన్న సర్కారు గదిలో పనిచేసేవాణ్ణి. ముదిగుబ్బ నుంచీ, గోరంట్ల నుంచీ, సోమందేపల్లి నుంచీ సీసాల్లో బోరు నీళ్ళు వచ్చేవి. వాటిలో మందు చుక్కలు వేసి, మారిన రంగు చూసి, కాగితం మీద ఒక అంకె రాసి పైకి పంపడం నా పని. కాపురం హిందూపురంలో. కాపురం అంటే పెద్ద మాట. ఒక గది, ఒక కిరోసిన్ స్టవ్వు, నేను. పెళ్ళి మొదట ఆలస్యమైంది, తర్వాత వద్దనిపించింది, ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పొద్దున ప్యాసింజర్లో పోవడం, సాయంత్రం ప్యాసింజర్లో రావడం. రోజు మొత్తంలో మనిషితో మాట్లాడేది ఆ రైల్లోనే.

ఆయన పెనుకొండలో ఎక్కేవాడు. భుజానికి గుడ్డసంచి, చేతిలో రేకు డబ్బా, మెడలో దారానికి వేలాడే గుండ్రటి చిన్న అద్దం. రైల్లో సరుకమ్మే వాళ్ళందరికీ ఒక అరుపు ఉంటుంది. బుడ్డలమ్మే వాడి, అదే వేరుశనక్కాయలమ్మే వాడి, గొంతు మూడు పెట్టెల అవతలికి వినిపిస్తుంది. ఈయన అరవడు. పెట్టెలో చంటిపిల్లలు ఎక్కడున్నారో చూసుకుని, పోయి వాళ్ళ ఎదురుగా గొంతుక్కూర్చుంటాడు.

"ఏదీ, పాపోడా, ఒకతూరి ఈ అను."

పిల్లవాడు మొదట తల్లి కొంగులో దూరతాడు. ఈయన తొందరపడడు. అద్దం తీసి వాడి చేతికిస్తాడు. అద్దం చూసుకుని నోరు తెరవని పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. వాడు తెరిచాక వేపపుల్ల చివరతో, పంటికి తగలకుండా, గాల్లోనే ఒక్కొక్కటీ లెక్కపెడతాడు. వేలు మాత్రం పెట్టడు. "ఊరూరా తిరిగే చెయ్యి, పసిబిడ్డ నోట్లో పెట్టకూడదు" అనేవాడు. లెక్క పూర్తయ్యాక తల్లికి మొదలయ్యేది.

"పాలసీసా నోట్లో పెట్టి పండబెడతాండావు గదమ్మా?"

"ఏడుస్తాడు నాయనా, ఏం జేసేది?"

"ఏడుస్తే ఎత్తుకో. చక్కెర పాలు తెల్లార్లూ నోట్లో ఊరితే ముందరి నాలుగూ పుచ్చిపోవా? చూడు, ఈడ అప్పుడే నల్లగయింది. పాలు తాగినాంక తడిగుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళు తుడువు. పండ్లు రాకముందు నుంచీ తుడవల్ల."

"ఊడిపోయే పండ్లే గదప్పా, ఇంత యాగీ ఏంటికి?" అని పక్కనున్న ముసలావిడ ఎవరో ఒకరు తప్పకుండా అనేవారు. ఆ మాట కోసమే ఈయన కాచుకుని ఉండేవాడనుకుంటాను.

"ఊడిపోయేవే అవ్వా. పోతాపోతా కొత్తదానికి తావు చూపిచ్చి పోతాయి. అవి ముందే పుచ్చి పడిపోతే, వచ్చేది యాడికని రావల్ల? దోవ తెలీక అడ్డదిడ్డంగా వస్తాది."

బెల్లం ముక్కో బన్నురొట్టో తింటున్న పిల్లలు దొరికితే ఇంకో తమాషా. చెంబులో నీళ్ళిచ్చి, పుక్కిట పట్టించి, కిటికీ దగ్గర నిలబెట్టేవాడు. "అయిదు కంబాలు దాటే దాకా ఉయ్యకూడదు" అనేది నియమం. రైలు పక్కన కరెంటు కంబాలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, పిల్లలు బుగ్గలు ఉబ్బించి గుడగుడమనిపిస్తూ వేళ్ళు మడిచేవాళ్ళు. ఎక్కడో సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వాళ్ళ అవస్థ చెప్పడానికి లేదు, కళ్ళు తేలేసేవాళ్ళు. అయిదో కంబం దాటగానే అందరూ ఒక్కసారి ఉమ్మేవాళ్ళు. వెనక కిటికీ దగ్గర కూర్చున్న పెద్దమనుషులు, "ఏమప్పా, స్నానాలు చేయిస్తాండావా మాకు?" అని లేచేవాళ్ళు. "ఉత్త నీళ్ళే సామీ, పసిబిడ్డల నోటి నీళ్ళు, ఏం గాదు" అనేవాడు ఈయన. ఆ రోజుల్లో నేను నవ్విన నవ్వులన్నీ ఆ కిటికీ దగ్గరే నవ్వాను.

ఆయన మాత్రం నోరు విప్పి నవ్వేవాడు కాదు. నవ్వొస్తే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం వచ్చేది. మాట్లాడేటప్పుడు కూడా పై పెదవి కిందికి లాక్కుని మాట్లాడేవాడు. చానాళ్ళు బోసినోరేమో అనుకున్నాను. ఒకరోజు నిద్రలో తువ్వాలు జారింది. పళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కటీ పుచ్చలేదు. కాకపోతే ముందు పళ్ళు ముదురు గోధుమ రంగులో, మధ్యలో పలకమీద గీసినట్టు అడ్డచారలతో ఉన్నాయి. గారపళ్ళు. మా జిల్లాలో ఏ బడికి పోయినా మూడో తరగతి పిల్లల్లో సగం మందికి ఉండేవే.

తర్వాతెప్పుడో తనే చెప్పాడు. ఆయనకు మూడు సంబంధాలు చూశారట. మూడుచోట్లా అంతా కుదిరి, చివర్లో ఈయన నవ్వడంతో చెడిపోయాయట. "మూడోతూరి నవ్వకూడదనే పోయినా సారూ. ఆ పిల్ల చెల్లెలు చిన్నది, కిందపడి లేచింది. నవ్వొచ్చె" అన్నాడు. తువ్వాలు అడ్డం పెట్టుకుని చెప్పాడు కాబట్టి నవ్వుతూ చెప్పాడో లేదో నాకు తెలియదు.

ఆయన దగ్గర రెండు రకాల పొట్లాలుండేవి. తెల్ల కాగితం పొట్లం చిన్నపిల్లలకు. ఊకబొగ్గు, ఉప్పు, లవంగం, కరక్కాయ, పాత చీరగుడ్డలో రెండుసార్లు జల్లించిన మెత్తటి పొడి. ఎర్ర కాగితం పొట్లం గార పోవడానికి. అందులో వీటితో పాటు ఇంటికప్పు పెంకు నూరిన పొడి కలిపేవాడు. ఆ ఎర్ర పొట్లమే ఆయన ఆశ, ఆయన పరువు. పాలపళ్ళు తెల్లగా ఉండి, ఊడి, కొత్త పళ్ళు గారతో వస్తున్నాయంటే పెద్దయ్యేకొద్దీ పిల్లలు సోమరులవుతున్నారని ఆయన లెక్క. "చిన్నప్పుడే పట్టుకుని రుద్దితే పోతాది సారూ. నాకు ఆలస్యమయిపాయ. వీళ్ళకు కాకూడదు" అనేవాడు. గార పోవడం లేదని తల్లులు చెబితే ఇంటికి పోయి పెంకు పొడి మోతాదు పెంచేవాడు. ఏడాదికేడాది ఆ పొట్లం బరువెక్కింది. వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా తగిలేది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేయొచ్చు, కానీ దాటేస్తే ఆయన్ని గురించి రాసే అర్హత నాకుండదు.

అది గార కాదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అది మురికీ కాదు, సోమరితనమూ కాదు. మా బోర్లలో ఊరే ఫ్లోరైడు అది. పన్ను చిగురు కిందే తయారవుతున్న పసితనంలో ఆ నీళ్ళు తాగితే పంటిలోనే రంగు పట్టుకుంటుంది. బయటికొచ్చాక ఏం పెట్టి రుద్దినా పోదు, పైగా ఉన్న పన్ను అరిగిపోతుంది. నేను రోజంతా రాసే అంకెలు అవే. ఏ ఊరి బోరు ఎంత చెడ్డదో నా నోటుపుస్తకంలో ఉంది. ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన ఎర్ర పొట్లాలు అమ్ముతుంటే చూస్తూ ఉన్నాను. ఆరేళ్ళు.

ఎందుకు చెప్పలేదంటే సాకులు లేకపోలేదు. పరీక్ష ఫలితాలు పైవాళ్ళు చెప్పేదాకా బయట మాట్లాడకూడదని మా ఆఫీసులో కట్టడి. చెడ్డ బోర్లకు ఎర్ర రంగు పూయాలని కాగితం మీద ఉంది, రంగు డబ్బాలు మాత్రం రాలేదు. కానీ అవన్నీ సాకులే. అసలు సంగతి వేరు. చెబితే ఆయన మళ్ళీ ఈ పెట్టె ఎక్కడేమోనని నా భయం. ఆయన ఎక్కకపోతే నాకు పలకరించే మనిషి లేడు. ఇంత చిన్న స్వార్థానికి ఎంతమంది పిల్లల చిగుళ్ళు తెగాయో నేను లెక్కపెట్టుకోలేదు.

ఒకరోజు పొద్దున పెనుకొండ దాటాక, చిన్న స్టేషన్లో ఒక అవ్వ, ఎనిమిదేళ్ళ మనవరాలు ఎక్కారు. ఆ పిల్ల ఈయన్ని చూడగానే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పొడి తాతా! దినానికి మూడుతూర్లు తోముతాండా. తెల్లగయినాయా చూడు."

నోరు తెరిచింది. నేనూ చూశాను. చిగుళ్ళు వాచి, పళ్ళ మొదళ్ళ దగ్గర ఎర్రగా చీలి ఉన్నాయి. పళ్ళు ఎప్పటి రంగులోనే ఉన్నాయి.

"నెత్తురొస్తాది, అయినా ఇడిసిపెట్టడంల్యా నాయనా" అంది అవ్వ, అదొక గొప్పలా. "బడిలో గారపండ్లదానా అంటారంట. ఏడ్చుకుంటా వచ్చి మళ్ళా తోముతాది."

ఆయన ఆ నోట్లోకి చానాసేపు చూశాడు. "ఇంగా కొంచెం గట్టి పొడి ఇస్తా తల్లీ, ఈతూరి పోతాది" అంటూ ఎర్ర పొట్లం బయటికి తీశాడు.

"వద్దన్నా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "ఆ పొడి ఇంక ఇవ్వొద్దు. అది రుద్దితే పోయేది కాదు. ఆ ఊరి నీళ్ళ వల్ల వచ్చింది."

మొత్తం చెప్పాను. ఫ్లోరైడు, చిగురు కింద పన్ను, బోరు, అన్నీ. పెట్టెలో అందరూ వింటున్నారు. అవ్వ, "అయితే ఎన్నాళ్ళు తోమినా పోదా సామీ?" అంది. పోదన్నాను. పిల్ల ఆశగా ఆయన వైపు చూసి, "అయితే ఇంగ తోమే పన్ల్యా తాతా?" అంది.

"తోమల్ల" అన్నాడాయన. "మెత్తగా తోమల్ల. రెండు పూట్లే." సంచిలోంచి తెల్ల పొట్లం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, ఎర్ర పొట్లం తిరిగి లోపల పెట్టేసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీకు ఎప్పుట్నుంచి తెలుసు సారూ?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. "ఉద్యోగంలో చేరినప్పటి నుంచి" అన్నాను.

ఆయన సంచి సర్దుకున్నాడు. బండి ఆగగానే, అది తాను దిగే ఊరు కాకపోయినా దిగిపోయాడు. కిటికీలోంచి పిలిచాను. వినిపించలేదేమో అనుకున్నాను, వినిపించే ఉంటుంది.

నెలన్నర రోజులు ఆయన రాలేదు. నేను ప్రతి పొద్దూ పెనుకొండలో తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. తర్వాత బుడ్డలమ్మేవాడు చెప్పాడు. "మీ ఆయనకు మతి తప్పినట్లుండాది సారూ. అమ్మిన పొట్లాలు ఎనిక్కి తీస్కుంటాండాడంట, ఇండ్లిండ్లకూ పోయి." నిజమే. తాను ఎర్ర పొట్లం అమ్మిన ఊళ్ళన్నీ ఆయనకు గుర్తు. ఒక్కో ఊళ్ళో దిగి, ఒక్కో గడప ముందు నిలబడి, ఆ పొడి రుద్దొద్దని చెప్పి, మిగిలింది అడిగి తీసుకుని, తెల్ల పొట్లం ఇచ్చి వస్తున్నాడు. ఇంట్లో మూలన పడి ఉన్న సరుకును వెనక్కి అడిగే వ్యాపారిని ఆ పల్లెలు ఎప్పుడూ చూడలేదు. కొందరు నవ్వారట. కొందరు తిట్టారట.

ఆ తర్వాత ఒకరోజు ఎక్కాడు. మామూలుగా కూర్చునే నా ఎదురు సీటు ఖాళీగానే ఉంది. కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"యా ఊర్లో యా బోరు మంచిదో రాసిస్తావా?"

మీరు పోయి నువ్వు వచ్చింది. అది దగ్గరతనం కాదని నాకు తెలుసు. రాసిచ్చాను. ఆఫీసు కట్టడి గట్టున పెట్టి, పాత క్యాలెండరు కాగితం వెనక ఊరు, బోరు, మంచిదా చెడ్డదా అని రాసిచ్చాను. "ఎవరికైనా తెలిస్తే నా ఉద్యోగం పోతుందన్నా" అన్నాను.

"తెలిసినోడు చెప్పకపోతే తెలీనోడు రుద్దుతానే ఉంటాడు సారూ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఇప్పటికీ నొప్పి పోలేదు.

అప్పటి నుంచి ప్రతి నెలా అంతే. వచ్చి కాగితం తీసుకునేవాడు, పోయి ఇంకో వైపు కూర్చునేవాడు. పిల్లల ముందు గొంతుక్కూర్చోవడం, అద్దం, అయిదు కంబాలు, అన్నీ మళ్ళీ మొదలయ్యాయి. కానీ దూరంగా. తల్లులతో మాట కూడా మారింది. మీ బడి దగ్గరి బోరు నీళ్ళు వద్దు, కొంచెం దూరమైనా ఫలానా బావి నీళ్ళు ఈ బిడ్డ వరకన్నా తెచ్చి తాపండి అనేవాడు. ఒకామె కస్సుమంది.

"నిన్న పొడి అంటివి, ఈ పొద్దు నీళ్ళంటాండావు. నీ మాట ఎట్ల నమ్మల్ల?"

"నిన్న తప్పు చెప్తినమ్మా. ఈ పొద్దు తప్పు చెప్పడంల్యా" అన్నాడు.

పొడి కొనేవాళ్ళు తగ్గారు. పట్టణం నుంచి రంగురంగుల ట్యూబులు వచ్చాయి. కడవ ఎత్తుకుని అదనంగా మైలు నడవమని చెప్పే మనిషిని చూసి ఆడవాళ్ళు తలుపు వేసుకోవడం నేర్చుకున్నారు. ఆయన మాత్రం మానలేదు. నేను ఎదురు సీటు మీద నా సంచి పెట్టి ఆపేవాణ్ణి, ఎవరైనా అడిగితే మనిషి వస్తాడని చెప్పేవాణ్ణి. ఆయన రాలేదు. ఒక ఏడాది కాదు, రెండు కాదు. నేను క్షమించమని అడగాల్సింది. రోజూ రేపు అడుగుదామనుకునేవాణ్ణి.

రెండువేలు దాటాక, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఆయన ధర్మవరంలో మా గదికే వచ్చాడు. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. చేతిలో ప్లాస్టిక్ సీసా, అందులో సగానికి నీళ్ళు. చెప్పుల నిండా దుమ్ము, పంచెకు కంపముళ్ళు.

"దీన్ని చూడు సారూ" అన్నాడు.

ఎక్కడివన్నా అంటే ముదిగుబ్బ అవతల తను పుట్టిన ఊరు పేరు చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా పోని ఊరట. తాను పసివాడిగా ఉన్నప్పుడు తాగిన రాతిబావి కంపచెట్లతో పూడిపోయిందట. ఇప్పుడు ఆ నీళ్ళు ఎవరూ తాగరు. సీసాకు తాడు కట్టి దించి పట్టుకొచ్చాడు.

"ఎవరూ తాగని నీళ్ళకు పరీక్ష దేనికన్నా?"

"చూడు" అన్నాడు మళ్ళీ.

గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేశాను. మంచి నీళ్ళయితే గులాబీ రంగు నిలబడుతుంది. చెడ్డ నీళ్ళయితే పసుపుకు తిరుగుతుంది. ఆయన నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. గులాబీ ఒక్క క్షణం కూడా నిలవలేదు.

"చానా చెడ్డ నీళ్ళన్నా. ఇవి తాగి పెరిగిన వాళ్ళకెవరికీ పళ్ళు తెల్లగా రావు."

"ఎంత తోమినా?"

"ఎంత తోమినా."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. తువ్వాలు ఒళ్ళోకి జారింది, తీసుకోలేదు.

"మా యమ్మ నన్ను దినామూ కొడ్తాండె సారూ" అన్నాడు. "ఇటుక పొడి చేతిలో పోసి గడప మింద కూర్చోబెడ్తాండె. ఎంత రుద్దినా పోదు గదా. తోముకోకుండానే తోముకున్యానని అబద్ధం చెప్తాండావని చింతబరికెతో కొడ్తాండె. పిల్లనెవురూ ఇయ్యకపోతే, అప్పుడే పండ్లు తోముకోని ఉంటే ఈ గతి వచ్చునా అనె. సచ్చిపోయేటప్పుడు గూడ మా చిన్నాయనతో అదే మాట చెప్పె. వాడు చిన్నప్పట్నుంచీ సోమరోడు, అబద్ధాలోడు అని."

ఈ అంకె కాగితం మీద రాసివ్వమంటావా అన్నాను. ఆఫీసు ముద్ర వేసి ఇస్తానన్నాను.

"ఎవురికి చూపీల్ల సారూ? చూడాల్సినామె పోయి ముప్పై ఏండ్లాయ."

లేచి, గొట్టం తన చేత్తోనే కడిగి, తిరగేసి పెట్టాడు. తలుపు దాకా పోయి ఆగాడు. అన్నేళ్ళ తర్వాత మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూశాడు. నోటికి ఏ అడ్డమూ పెట్టుకోలేదు.

"నేను తోముకుంటాంటి సారూ" అన్నాడు. "దినామూ తోముకుంటాంటి."

"తెలుసన్నా" అన్నాను.